ఓబమ్మ భుజం కొలత

ముప్పై ఏళ్లుగా తుపాకీల గొట్టాలకు వెనక బిగించే కట్టెలు చెక్కుతున్నాను. కదిరి చుట్టుపక్కల పెద్ద పెద్ద రైతుల భుజాలకు ఆనే తుపాకుల్లో సగం నా చేతి పనే. దర్జీ తప్పు చేస్తే చొక్కా చంకలో పట్టేస్తుంది, ఈ జమాల్ సాబ్ తప్పు చేస్తే గుండు పక్కవాడికి తగులుతుంది, అందుకే నేను తప్పు చెయ్యను అని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. అలాంటి నేను పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక తప్పు చేశాను. దాన్ని నా భార్య రహమత్‌బీ మీదికి నెట్టాలని కూడా చూశాను. తప్పు నాదే.

ఆ ఏడాది నల్లమాడ దగ్గరి ఒక పల్లె నుంచి ఓబమ్మ వచ్చింది. భర్త సోమప్ప జ్వరంతో పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆమెకు మిగిలింది కొండ వార నాలుగెకరాల చెనక్కాయ చేను, ఒక ఒంటి గొట్టం తుపాకీ. తుపాకీ లేకపోతే ఆ చేను అడవి పందులదే. లైసెన్సు తన పేరుకు మార్చమని ఆమె అర్జీ పెట్టుకుంది. మరిది ఆదెన్న కూడా పెట్టుకున్నాడు. తుపాకీ అతని చేతికి వస్తే కాపలా అతనిది, కాపలా అతనిదైతే చేనూ అతనిదే. ఆ సంగతి అతను దాచుకోలేదు కూడా. తనిఖీకి వచ్చే ఆఫీసరు ఇద్దరికీ ఒక షరతు చెప్పాడట. ఓబమ్మ ఆయన ఎదుట రెండు తూటాలు పేల్చాలి. ముప్పై అంగల దూరంలో పెట్టిన కుండకు ఒక్కటైనా తగలాలి. లేకపోతే తుపాకీ ఆదెన్నకు.

"మా ఇంటాయన కట్టె పొడుగన్నా. నా భుజానికి కుదరల్యా. నా కొలతకు కోసియ్యి," అంది.

పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుని కొలవడం మా ఇంట్లో కుదరదు. రహమత్‌బీకి దారం ఇచ్చి ఆమెను లోపలికి పంపాను. మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి గణుపు దాకా ఒక ముడి, దవడ నుంచి భుజం దాకా ఒక ముడి. చెయ్యి చాపమని రహమత్‌బీ అంది, ఓబమ్మ చాపింది, దారం నాకు చేరింది. దాన్ని పట్టుకుని కట్టె పొడుగు తగ్గించాను. అందరికీ తీసినట్టే మడమను, అంటే భుజానికి ఆనే చివరను, కాస్త కుడికి వాలేలా తీశాను. ఏ భుజానికి పెడతావని అడగలేదు. అన్నేళ్లలో ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

తనిఖీ రోజున నన్నూ రమ్మంది. ఆకురాయి ఒకటి సంచిలో వేసుకుని వెళ్లాను. నీళ్లు చూసి రెండేళ్లయిన చెరువులో, కట్టకు ముందు ఒక బండ మీద కుండ పెట్టారు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. ఆదెన్న ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక ఊరంతా ఉంది.

ఓబమ్మ తూటా పెట్టి తుపాకీ కుడి భుజానికి ఎత్తింది. ఆ పక్క రైతుల ఇళ్లలో ఆడవాళ్లకు చాలామందికి ఉన్నట్టే ఆమెకూ పైట కుడి భుజం మీదే. ముతక చీర మడతల మీద మడమ జారింది. తుపాకీ పేలింది. కుండకు బారెడు ఎడమగా కట్ట మీద మట్టి లేచింది. ఆమె రెండడుగులు వెనక్కి తూలింది.

"ఇంగ చాల్లే వదినా," అని ఆదెన్న నవ్వాడు. "పొయ్యికాడికి పో."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, నా మీద. దారం ప్రకారం కట్టె సరిగ్గా ఉంది. మనిషికి మాత్రం అతకడం లేదు. ఎక్కడ తప్పానో తెలియక, దారంతో కొలిచిన రహమత్‌బీదే తప్పనుకోబోయాను.

ఆమె రెండో తూటా పెట్టుకుంటుండగా ఎవరిదో మేక వచ్చి కుండలో మూతి పెట్టబోయింది. ఓబమ్మ విసుగ్గా వంగి ఒక రాయి తీసి విసిరింది. రాయి పోయి సరిగ్గా మేక కొమ్ముకు తగిలింది. ఆమె విసిరింది ఎడమ చేత్తో.

గబగబా ఆమె దగ్గరికి పోయాను. "ఎడమచేతి వాటమా నీది?"

"అవునన్నా. కొడవలైనా వడిసెలైనా ఈ చెయ్యే."

"మరి కొలతకు కుడిచెయ్యి ఎందుకిచ్చినావు తల్లీ!"

"మీ ఇంటికొచ్చి ఎడమచెయ్యి చాపేదా?" అంది, నాకే బుద్ధి లేనట్టు. ఎడమ మణికట్టు తిప్పి చూపించింది. పాత వాత. "ఈ చేత్తో చుట్టానికి అన్నం వడ్డిస్తినని మా నాయన పెట్టినాడు."

ఆఫీసరు దగ్గరికి పోయి చేతులు జోడించాను. "కట్టె నేనే తప్పు తీసినాను సార్. కొంచేపు టయిమియ్యండి."

ఆయన సిగరెట్టు వెలిగించాడు. "ఇది అయిపోయేదాకా. ఆ తర్వాత రెండో తూటా."

తుపాకీ ఎడమ భుజానికి పెట్టించాను. ఆ భుజం మీద పైట లేదు, మడమ కుదురుగా కూర్చుంది. కానీ నేను కుడికి తీసిన వాలు ఇప్పుడు ఆమె దవడకు అడ్డం. కన్ను గొట్టానికి కుడిగా పోతుంది, కన్ను ఎటు పోతే గుండూ అటే. ఎంత పోతోందో తెలియాలంటే గొట్టం ముందు నిలబడి ఆమె కంట్లోకి చూడాలి.

"తూటా తియ్యి," అన్నాను. ఆమె తుపాకీ మడిచింది. లోపల తూటా ఇత్తడి మెరిసింది. తూటా తీసి నా ఎడమ పిడికిట్లో పెట్టుకున్నాను. తూటా తన పిడికిట్లో ఉంటే తప్ప గొట్టం ముందుకు పోకూడదని మా నాయన నేర్పిన పద్ధతి.

ముందుకు వెళ్లి చూశాను. గొట్టం మీద సగం కన్నే కనబడింది. ఆమెకు దవడ ఎంతవరకు ఆనించాలో తెలియడం లేదు. చెయ్యి చాపి రెండు వేళ్లతో ఆమె దవడను కట్టెకు ఆనించాను.

"మా ఇంటి ఆడమనిషి మొగం మీద చెయ్యేస్తావా సాబూ!" ఆదెన్న ముందుకు దూకాడు. జనంలో గొణుగుడు మొదలైంది. భయమేసినా వేళ్లు తియ్యలేదు.

ఓబమ్మ దవడ ఎత్తలేదు. "ఆయన్ని అన్నా అని పిలిచినా ఆదెన్నా. ఆడనే నిలబడు," అంది. ఆ గొంతుకు అతను నిజంగానే ఆగిపోయాడు.

కట్టె కుడి పక్కన ఆకురాయి దింపాను. పెట్టి చూడమన్నాను. ఇంకా అడ్డం ఉంది. మళ్లీ అరగదీశాను. ఎక్కువ తీస్తే కట్టె మెడ సన్నబడి తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు చీలుతుంది, తక్కువైతే గుండు తప్పుతుంది. ఆమె పొట్టు ఊదుకుంటూ మళ్లీ మళ్లీ భుజానికి ఎత్తింది. మూడోసారి కన్ను దాదాపు మొత్తం కనబడింది. అప్పుడే ఆఫీసరు సిగరెట్టు నేలకేసి బూటుతో నలిపాడు.

"చాలు, పక్కకి రా," అన్నాడు.

ఇంకా గోరు మందం మిగిలిపోయింది. "కుండ నడిమికి చూడొద్దు. ఎడమ అంచుకు చూడు," అని తూటా ఆమె చేతిలో పెట్టాను. అది నా చెమటతో తడిసి ఉంది. ఆమె పైట కొంగుతో తుడిచి లోపల పెట్టింది.

ఆమె తొందరపడలేదు. అంతసేపు చూడటం నా వల్ల కాక కళ్లు మూసుకున్నాను. తుపాకీ పేలింది. తర్వాత బండ మీద పెంకులు రాలిన చప్పుడు వినబడింది.

కళ్లు తెరిచేసరికి ఆదెన్న తలపాగా విప్పి దులుపుకుంటున్నాడు, దానికి దుమ్మేమీ లేకపోయినా. ఆఫీసరు కాగితం మీద పేరు రాసి, సంతకం పెట్టి, ఆమె వైపు చాపాడు. ఓబమ్మ తుపాకీని కుడిచేతికి మార్చుకుంది. వాత ఉన్న ఎడమచెయ్యి ముందుకు చాపింది.

"కుడిచెయ్యి, కుడిచెయ్యి," అని వెనక నుంచి ఒక ముసలమ్మ గద్దించింది. ఆఫీసరు చెయ్యి మధ్యలో ఆగింది. ఓబమ్మ చెయ్యి మార్చలేదు. ఆయన కాసేపు చూసి, కాగితం ఆ చేతిలోనే పెట్టాడు.