శవాసనంలో కాపలా

ఆ ఆసనానికి ఆ పేరు పెట్టినవాడికి తల్లి లేదా అని నాకెప్పటినుంచో అనుమానం. శవాసనమట! మా అమ్మాయి తన యోగా క్లాసు చివర అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి ఆ మాట అనగానే నా గుండె జారిపోయేది.

అసలు మొదట్లో మా అమ్మాయికి వంగితే చేతివేళ్లు మోకాళ్లు దాటేవి కావు. కాలివేళ్లు అందుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. అందుకున్న రోజున నడుము పట్టేసిందేమోనని వేడినీళ్ల సంచీతో పరుగెత్తాను. ఆ తర్వాత దర్జీ దుకాణం మీది హాల్లో పాఠాలు మొదలుపెట్టింది. ఏడేళ్లు, రోజూ పొద్దున్నే ఆరింటికి. ఎవరైనా తలకిందులుగా నిలబడి మెడ విరుచుకుంటే మోసేవాళ్లు కావాలి కదా! నేనూ వెళ్లి తలుపు పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని.

ఒక రోజు శవాసనంలో పోస్టాఫీసు ఆయన పొట్ట కదలడం లేదనిపించింది. పాక్కుంటూ వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఆయన కళ్లు తెరిచాడు. జానెడు దూరంలో నా మొహం. ఆయన పెట్టిన కేకకి పద్దెనిమిది శవాలూ ఒక్కసారి లేచి కూర్చున్నాయి.

"మేడమ్, మా ప్రాణాలు తియ్యడానికి మీ అమ్మగారిని పెట్టారా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ. మర్నాటి నుంచి రావడం మానేశాడు.

మా అమ్మాయి అరవలేదు. అందుకే భయమేసింది.

"అమ్మా, కళ్లు మూసుకుని నువ్వూ పడుకునేటట్టయితే రా. లేదంటే ఇంట్లో ఉండు."

"నేను కళ్లు మూస్తే వీళ్లనెవరు చూస్తారే?"

"నేనున్నానుగా."

"మరి నిన్నెవరు చూస్తారు?"

"నీ మొహం. ముందు పడుకో."

ఇంట్లో కూర్చుంటే అక్కడేమైందో తెలీక చచ్చిపోతాను. చాప కొనుక్కున్నాను.

మొదటి ఆర్నెల్లు ఒక కన్నే మూశాను. రెండోది ఫ్యాను మీద ఉండేది. బోల్టు వదులుగా ఉందని కనిపెట్టింది ఆ కన్నే. రెండో ఏడు రెండు కళ్లూ మూసి, చెవులతో ఊపిరులు లెక్కపెట్టాను.

"అమ్మా, లెక్కపెట్టకు. వేళ్లు కదులుతున్నాయి," అనేది దూరం నుంచే.

ఆ ఏడే పోస్టాఫీసు ఆయన తిరిగొచ్చి, నాకు అందనంత దూరంలో చాప వేసుకున్నాడు.

మూడో ఏడు ఒక మంగళవారం, పన్నెండో ఊపిరి దాకా గుర్తుంది. ఆపైన కింద దర్జీ మిషను చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

కళ్లు తెరిచేసరికి హాలు ఖాళీ. మూల మా అమ్మాయి చాపలు సర్దుతోంది. వచ్చినవాళ్లలో పోస్టాఫీసు ఆయనొక్కడే మిగిలి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నవ్వుతున్నాడు.

"మీ గురకకి కింద మిషను ఆపేశారండీ."

సిగ్గుతో చచ్చాను. "లేపొచ్చుగా!"

"మేడమ్ వద్దన్నారు. కానీ మధ్యలో మీ గురక కాసేపు ఆగింది. అప్పుడు చూడాలి ఆవిణ్ణి! పాక్కుంటూ వచ్చి మీ ముక్కు దగ్గర వేలు పెట్టారు."

మా అమ్మాయి అటు తిరిగి, సర్దిన చాపలే మళ్లీ సర్దుతోంది.

ఆయన వెళ్లాక నా చాప తట్టి చూపించాను. "పడుకో. నేనున్నానుగా."

"నీ మొహం," అంటూనే పడుకుని కళ్లు మూసుకుంది.

ఈసారి వేలు పెట్టలేదు. పొట్ట కదులుతోందో లేదో చూశాను, అంతే.