ఐదు ఆదివారాల అప్పం

తేనెమైనం ముక్కను గుడ్డలో చుట్టి, కాగిన అప్పాల పటకారు ఇనుప బిళ్లల మీద రుద్దాడు లోనప్పన్. పొగ లేచింది. గరిటెడు పిండి పోసి మూశాడు. చుయ్‌మంది. మనసులో ఒక పరలోక జపం పూర్తయ్యేసరికి అప్పం కాలుతుంది, గడియారం అక్కర్లేదు. తెరిచాడు. కాగితమంత పల్చగా, నడుమ సిలువ అచ్చుతో వచ్చింది.

ప్రతి శనివారం పొద్దున్నే చర్చి వెనక గదిలో ఇదే పని. గంట కొట్టడం, దీపాలు వెలిగించడం, సత్ప్రసాదానికి అప్పాలు కాల్చడం, కప్యారు అంటే అంతే. తండ్రి చేశాడు, తను చేస్తున్నాడు. డెబ్బై రెండేళ్లు వచ్చాయి. సెగకు మోచేతుల దాకా వెంట్రుకలు కాలిపోయి చర్మం నున్నగా మెరుస్తుంది. గంట తాడు లాగీ లాగీ కుడి భుజం ఎడమ దానికంటే వేలెడు కిందికి దిగింది.

అప్పాలను గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచులు పిల్లలకు పంచుతాడు. తను ఒక్క తునక నోట్లో వేసుకోడు. ఆదివారం పూజలో ఊరంతా సత్ప్రసాదానికి వరస కడితే తను తాడు పట్టుకుని నిలబడతాడు, వదిలితే గోపురం కూలుతుందన్నట్టు. నలభై ఒక్క ఏళ్లుగా అంతే. పాపం ఫాదరు చెవిన వేసి ఒప్పుకోనిదే సత్ప్రసాదం తీసుకోకూడదు. కొత్త ఫాదరు వచ్చి అడిగినప్పుడల్లా, "పాపసంకీర్తనం పక్క ఊళ్లో చేసుకుంటానండి" అంటాడు. అలా పదిమంది ఫాదర్లకు అబద్ధం చెప్పాడు.

నలభై ఒక్క ఏళ్ల కిందట, యుద్ధం రోజులవి. బర్మా బియ్యం ఆగిపోయింది. త్రిశూరు చుట్టుపట్ల ఊళ్లన్నీ మూడు పూటలా కర్రపెండలమే ఉడకేసుకున్నాయి. అతని కూతురు రోసిలికి నాలుగేళ్లు, సన్నిపాత జ్వరం. కర్రపెండలం పెడితే పేగు తెగుతుంది, గోధుమ జావ పట్టమన్నాడు వైద్యుడు. ఊళ్లో గోధుమ పిండి ఉన్నది ఒక్కచోటే, అప్పాల కోసం బిషప్పుగారింటి నుంచి వచ్చిన డబ్బాలో. గోధుమ పిండి, నీళ్లు తప్ప ఇంకేది కలిసినా అది ఉత్త అప్పమే, ప్రభువు శరీరం కాదు. కప్యారు కొడుక్కి ఈ సంగతి అక్షరాలకంటే ముందే తెలుసు. తెలిసే డబ్బా ఇంటికి పట్టుకుపోయాడు. ఐదు ఆదివారాలు కర్రపెండలం పిండితో అప్పాలు కాల్చాడు.

రోసిలి బతికింది. ఆ ఐదు వారాల్లో ఊళ్లో నలుగురు పోయారు. నలుగురి నాలుక మీదా ఫాదరు కడపటి సత్ప్రసాదం పెడుతుంటే దీపం పట్టుకుని నిలబడింది తనే. దేవుడనుకుని పిండి మింగి వెళ్లిపోయారు. పరలోకపు గుమ్మం బయటే నిలబడి ఉన్నారో ఏమో! కూతురు నవ్వినప్పుడల్లా ఆ నలుగురూ కళ్లముందుకొచ్చేవారు. ఇప్పటికీ దీపాల వేళ ఆ నాలుగు సమాధుల దగ్గర ఆగుతాడు. ప్రార్థన చెయ్యడు. ఎవరైనా పిలిస్తే పలకడానికన్నట్టు ఊరికే నిలబడతాడు.

"ఏరా లోనప్పా, అంచులేమైనా ఉంచావా, అన్నీ ఆ పిల్లరాకాసులకే పోశావా?"

వెనక గుమ్మంలో కుంజన్నం. తొంభై దగ్గరపడ్డ మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ నాలుగు సమాధుల్లో మొదటిది ఆమె భర్త పొరించుది.

"కూర్చో అక్కా," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. గుప్పెడు అంచులు ఆమె కొంగులో పోసి, పటకారులో మళ్లీ పిండి పోశాడు.

ఆమె ఒక తునక నోట్లో నానబెట్టుకుంది. "బాగానే ఉందిరా. నా ఆఖరి ఘడియక్కూడా ఇలాంటిదే కాల్చు. మా ఆయనకి పెట్టినట్టు కర్రపెండలం పెట్టావంటే లేచొచ్చి తంతాను."

పరలోక జపం సగంలో ఆగింది. చెయ్యి దానంతటదే పటకారును పొయ్యి మీంచి తీసి గట్టు మీద పెట్టింది.

"నీకెవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పేదేంట్రా! ఆ ఏడాది పొద్దున అదే, రాత్రి అదే. నాలుక్కి తెలీదా? ఊరందరికీ తెలుసు."

"ఫాదరుగారికీ?"

"ఆయనదేమన్నా చెక్క నాలుకా?"

"మరి ఒక్కరూ అడగలేదే!"

"ఏమని అడుగుతాం? పసిదానికి జ్వరమాయె. మా ఆయన అది మింగి, కళ్లు తెరిచి, 'లోనప్పన్ పిల్లకి జావ దిగుతోందా?' అన్నాడు. మళ్లీ మాట్లాడలేదు." వేలు నాక్కుంది. "నువ్వు సత్ప్రసాదానికి రాకపోతే ఏ ఆడదాని గొడవో అనుకున్నాం. దీనికా? ఓరి వెర్రిబాగులోడా!"

నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

గుండె తేలిక పడాలి. పడలేదు. వెతికేవాళ్లు లేని చోట నలభై ఒక్క ఏళ్లు దాక్కున్నాడు. ఊరు క్షమించింది, పొరించు క్షమించాడు, తనకు తెలియలేదు. పైవాడి సంగతి ఎవరు చెబుతారు? అది తనే వెళ్లి అడగాలి. అడగకుండా పోతే, ఆ గుమ్మం బయట నిలబడేది తనే.

సాయంత్రం నాలుగింటికి పాపసంకీర్తనం గంట తనే కొట్టాడు. కొట్టి, తాడు వదిలేశాడు. గోపురం కూలలేదు. వెళ్లి, పాపాలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల వరసలో బల్ల చివర కూర్చున్నాడు.

"ఏం కప్యారు మామా, పక్క ఊరి బస్సు తప్పిపోయిందా?" అన్నాడు ముందు కూర్చున్న అంతప్పన్, కల్లు గీసేవాడు.

"తప్పిపోయింది," అన్నాడు లోనప్పన్.

ఒక్కొక్కరూ లేస్తుంటే మిగిలినవాళ్లు ముందుకు జరిగారు. అతనూ జరిగాడు. చివరికి బల్ల మీద తనొక్కడే మిగిలాడు. లేచి వెళ్లి మోకరించి, ఫాదరు అవతల కూర్చున్న చెక్క జాలీకి నోరు దగ్గరగా పెట్టాడు.

చాలాసేపటికి ఫాదరు బయటికొచ్చాడు. లోనప్పన్ మోకాళ్ల మీదే ఉన్నాడు, నుదురు జాలీకి ఆనించి. ఊపిరి లేదు. ఎంతవరకు చెప్పాడో, క్షమాపణ మాట చెవిన పడేదాకా ఉన్నాడో లేదో, ఫాదరు చెప్పలేదు. పాపసంకీర్తనంలో విన్నది ఎవరికీ చెప్పకూడదు. కుంజన్నం ఒక్కతే ఆయన చెయ్యి పట్టుకుని, "విన్నాడా నాయనా?" అని అడిగింది. ఆయన తల వంచుకున్నాడు.

చావు గంట అంతప్పన్ కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కుదరలేదు.

వెనక గదిలో పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. గట్టు మీద పటకారు పొద్దున మూసినట్టే ఉంది, లోపల ఒక పక్కే కాలిన అప్పంతో.