రీలులో ఎనిమిది సెకన్లు

కొవ్వూరులో ఐజాక్ వీడియో షాపుకొచ్చి, సంగతంతా చెప్పి గంట కావస్తున్నా అప్పాయమ్మ ఒళ్లోని సంచి కింద పెట్టలేదు. అందులో ఒక పాత క్యాసెట్ ఉంది. పక్కింటి రాణి పెళ్లిది. ఇరవై ఆరేళ్ల క్రితం ఆ పెళ్లిలో అప్పాయమ్మ కూతురు సూర్యకళ బంతిలో మజ్జిగ వడ్డించింది. మూడు గంటల క్యాసెట్లో ఆ పిల్ల కనబడేది ఎనిమిది సెకన్లు. ఆ ఏడే కామెర్లొచ్చి పోయింది. ఫొటో తీయిద్దాం, తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయారు. ఇంట్లో ఇంకే బొమ్మా లేదు.

"ఇలా ఇవ్వండి మామ్మగారూ. చూడకుండా ఏం చెప్పమంటారు?"

ఐజాక్ నలభై దాటినవాడు. పాత క్యాసెట్లను ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవుల్లో ఎక్కించడం అతని పని. క్యాసెట్ మూత ఎత్తి టార్చి వేసి చూశాడు.

"దీన్ని ఎక్కడ పెట్టేవారండీ?"

"ట్రంకు పెట్టెలో. చెమ్మ పట్టకుండా ఏటా వడియాలతో పాటు ఎండలో కూడా పెడతాను," అంది అప్పాయమ్మ, తన జాగ్రత్త అతనికి తెలియాలన్నట్టు.

"డాబా మీదా?"

"మరి ఎండ ఇంట్లోకొస్తుందా?"

ఐజాక్ నుదురు రుద్దుకున్నాడు. "వడియం ఎండితే నిలవుంటుందండి. రీలు వంకర్లు పోతుంది. పైగా బూజు పట్టింది. ఇది మిషన్లో ఒక్కసారి తిరిగితే గొప్ప. రెండోసారి మీద ఆశ పెట్టుకోకండి."

అప్పాయమ్మ తన చేతుల కేసి చూసుకుంది. ఇన్నేళ్లూ తన చేతులతోనే పిల్లను ఎండబెట్టిందా?

"ఆ ఒక్కసారీ ఇప్పుడే తిప్పెయ్యి నాయనా."

"ముందు శాంపిల్ వెయ్యాలండి. మిషన్ సరిగ్గా ఉందో లేదో మీ రీలు మీద చూసుకోలేను కదా."

అతను ఎవరిదో పెళ్లి క్యాసెట్ పెట్టాడు. కంప్యూటర్లో ఫైలు తయారయింది. తెర మీద డోలు మీద పుల్ల పడింది. ఆ పడిన చప్పుడు కాస్సేపాగి వినిపించింది. ఐజాక్ ఏవో మార్చి మళ్లీ వేశాడు. ఈసారి పుల్లా చప్పుడూ కలిశాయి గానీ, పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే పాట వచ్చింది, బొమ్మ రాలేదు.

"చూశారా, మీ ఇంట్లో టీవీ ఇలాంటిదైతే వినడమే మిగిలేది," అన్నాడు. ఫైలు మరో రకంగా చేసి పెట్టాడు. బొమ్మా పాటా రెండూ వచ్చాయి.

"అయితే ఇక నాది వెయ్యి."

"నాలుగు రోజులు వదిలేసి వెళ్లండి. రీలంతా చేత్తో తుడిచి, అప్పుడు వేస్తాను."

"వదలను," అంది అప్పాయమ్మ.

అప్పట్లో సూర్యకళను చేర్చిన కాకినాడ ఆసుపత్రిలో వేళ అయిపోయిందని నర్సు పొమ్మంటే, పొద్దున్నే వస్తానే అని చెప్పి బయటికొచ్చింది. పొద్దున్నే వెళ్లింది కూడా. ఆ మంచం మీద ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు.

ఐజాక్ ఆమె ముఖం చూసి బతిమాలలేదు. "సరే. మొదట్లో మీ అమ్మాయి లేదు కదండీ?"

"లేదు. రాణిని పెళ్లికూతుర్ని చేయడం అది."

"అయితే అక్కడ మూడు నిమిషాలు శాంపిల్ వేస్తాను. మీ కళ్లతో మీరే చూడండి."

రీలు కదిలింది. రాణి పీట మీద కూర్చుంది. ఎవరో నలుగు పెడుతున్నారు. నిమిషం గడిచేసరికి తెర మీద తెల్లటి చుక్కలు పడ్డాయి. చుక్కలు గీతలయ్యాయి. రాణి కళ్లు పోయాయి, నోరు పోయింది. ముఖమంతా బియ్యప్పిండి చల్లినట్టయింది. లోపల ఏదో కీచుమంది. ఐజాక్ గబుక్కున ఆపి క్యాసెట్ బయటికి తీశాడు.

"ఇప్పుడే వెయ్యమంటే వేసేస్తాను. మజ్జిగ దగ్గరా ఇలాగే అయితే మాత్రం నన్నేమీ అనకూడదు."

అప్పాయమ్మ ఆ పిండి ముఖం ఉన్న చోటే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా లేచింది.

"నాలుగు రోజులంటే సోమవారమా?"

"సోమవారమండి."

"చీటీ రాసివ్వు."

రాసిచ్చాడు. రోడ్డు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది. "నువ్వు ఎండలో పెట్టకు."

"పెట్టనండి," అన్నాడు ఐజాక్. నవ్వలేదు.

ఆ నాలుగు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. సోమవారం మొదటి బస్సుకే వచ్చి, షాపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంది. ఐజాక్ తాళం తీస్తూ, "రీలు చివర్లో తెగిందండి," అన్నాడు. ఆమె గోడ పట్టుకుంది. "అయ్యో, మీ అమ్మాయి దాటాకేనండి. అప్పగింతల దగ్గర."

పెన్‌డ్రైవ్ గుచ్చి టీవీ పెట్టాడు. అరిటాకులు, వంగిన తలలు. పక్కనుంచి సూర్యకళ వచ్చింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో గరిటె. ఎవరితోనో ఏదో అంటూ మజ్జిగ పోసుకుంటూ ముందుకొస్తోంది. ఇంకో రెండాకులు దాటితే అవతలికి వెళ్లిపోతుంది.

"ఆపు," అంది అప్పాయమ్మ.

ఐజాక్ ఆపాడు. సూర్యకళ గరిటె ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"ఇది ఎన్నిసార్లు వేస్తే అరుగుతుంది నాయనా?"

"ఇది అరగదండి. మీ ఓపిక."

ఆమె టీవీకి దగ్గరగా జరిగింది. పిల్ల ముఖం చూసింది. పిల్ల ముందున్న ఆకుల్ని చూసింది. ఆ ఆకుల దగ్గరివాళ్లు తలలెత్తి చూస్తున్నారు.

"పోనీలే, వెయ్యి," అంది. "మజ్జిగ కోసం కూర్చున్నారు పాపం."

సూర్యకళ కదిలింది.