సామాన్లకు మాత్రమే

వెనక లిఫ్టు తెగి పడినప్పుడు వంటమ్మ అందులోనే ఉంది. ఆమెతోపాటు ఐదో అంతస్తు వాళ్ళ కొత్త ఫ్రిజ్ కూడా ఉంది. అపార్ట్‌మెంటు సెక్రటరీ పరిగెత్తుకొచ్చి మొదట అడిగింది ఫ్రిజ్ గురించే. దాని తలుపు సొట్టపోయిందని తెగ బాధపడ్డాడు. ఆ ఫ్రిజ్ కిందే వంటమ్మ మోకాలు నుజ్జయి ఉంది. పనివాళ్ళం మేమే లిఫ్టు తలుపు పగలగొట్టి ఆమెను బయటికి లాగాం.

ముందు లిఫ్టు అద్దాలది, యజమానులది. మేం ఎక్కితే వాసనట. వండేది మేం, ఉతికేది మేం, వాళ్ళ పిల్లల ముడ్డి కడిగే ఆయాను నేను. వాసన మాత్రం మాదే. అందుకే చెత్త డబ్బాలతోపాటు మమ్మల్నీ వెనక లిఫ్టులోకే తోలేవారు. అది మధ్యలో జారుతోందని అందరం మొత్తుకున్నాం. మీరేమైనా ఏనుగులా అని సెక్రటరీ నవ్వాడు.

వంటమ్మను ఆస్పత్రిలో చేర్చి తిరిగొచ్చేసరికి అతను వెనక లిఫ్టు పక్కన గోడకు బోర్డు కొడుతున్నాడు. స్టూలు ఊగుతోంది, పట్టుకోమని నన్నే పిలిచాడు. పట్టుకున్నాను. చుట్టూ వాచ్‌మన్, డ్రైవరు, స్వీపరమ్మ, మిగతావాళ్ళు చూస్తున్నారు. ఒక్కరినీ అవతలికి పొమ్మనలేదు. కుర్చీలూ బల్లలూ చూస్తున్నాయని ఎవరైనా జంకుతారా? నాకు చదువొచ్చని కూడా అతనికి తెలియదు. పిల్లల్ని ఆడిస్తూ వాళ్ళ పుస్తకాల్లోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. 'సామాన్లకు మాత్రమే. మనుషులు ఎక్కరాదు' అని ఉంది బోర్డు మీద.

సాయంత్రం యజమానుల వకీలు ఆస్పత్రికొచ్చాడు. బోర్డు చూసి కూడా ఎక్కింది కాబట్టి తప్పంతా వంటమ్మదేనన్నాడు. అలాగని రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తే బండి పెట్టి ఊరికి పంపుతారట. వెయ్యకపోతే ఫ్రిజ్ పాడుచేసిందని కేసట. కాలు బాగుచేయించే మాటే లేదు. చదువుకునే బిడ్డలారా, ఇదేం చట్టమో మీరే చెప్పండి.

అతను వెళ్ళాక వంటమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను పంపనివ్వకు పెద్దమ్మా. ఈ కాలేసుకుని పోతే నాకెవరు తిండి పెడతారు?"

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళను అలా బండెక్కించి పంపడం చాలాసార్లు చూశాను. గేటు దాటిన ముఖం ఒక్కటీ మళ్ళీ కనబడలేదు.

కార్ల షెడ్డులో అందరం కూడాం. ఉద్యోగాలు పోతాయి, ఒక అర్జీ పెట్టి ఊరుకుందామన్నాడు డ్రైవరు. స్వీపరమ్మకు ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ దండాలు పెట్టి మరీ చెప్పాం గదన్నా, లిఫ్టు పడిపోద్దని. విన్నారా?"

"అయితే ఏంటి, రాళ్ళేద్దామా?"

"రాళ్ళెందుకు? బోర్డు కొట్టారుగా. అది చెప్పినట్టే చేద్దాం."

పొద్దున్నే గరిటెలూ చీపుళ్ళూ పక్కనపడేసి ముందు లిఫ్టులో పట్టినంతమందిమి ఎక్కాం. మిగతావాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు. బరువెక్కువైందని గంట మోగింది. తలుపు మూసుకోలేదు. యజమానులు తమ చెత్త సంచులు తామే మోస్తూ, రొప్పుతూ మెట్లు దిగొచ్చారు. పాపం, చెత్త ఎక్కడ పారెయ్యాలో కూడా వాళ్ళకు తెలియదు.

సెక్రటరీ దిగమని అరిచాడు.

"వెనకదాంట్లో మనుషులు ఎక్కకూడదని మీరే రాశారుగా సారూ," అంది స్వీపరమ్మ. "మేం మనుషులం. అందుకే ఇటొచ్చాం."

గేటు బయట పక్క భవనాల పనివాళ్ళు మూగారు. పోలీసులు దిగారు. బోర్డు మొదట్నుంచీ ఉందని వకీలు వాళ్ళకు నొక్కి చెప్పాడు. నేను లిఫ్టులోంచి బయటికొచ్చాను. లిఫ్టు పడ్డాకే బోర్డు కొట్టారని, స్టూలు పట్టుకున్నది నేనేనని చెప్పాను. సెక్రటరీ అప్పుడు చూశాడు నన్ను, మొదటిసారి. ఇన్‌స్పెక్టరు నన్ను పోలీసు బండెక్కించమన్నాడు.

"నేనూ చూశాను," అంటూ నా వెనకే ఎక్కాడు డ్రైవరు.

వాచ్‌మన్ టోపీ తీసి సెక్రటరీ చేతిలో పెట్టాడు. "మేకులు అందించింది నేనే సార్, మర్చిపోయారా?"

బండి నిండిపోయింది. ఈసారి ఆ గేటు ఎవరూ ఒంటరిగా దాటలేదు. ఆస్పత్రిలో వంటమ్మ వేలికి ఇంకా సిరా అంటలేదు.

బండి మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. పక్క భవనాల పనివాళ్ళు గేటు తోసుకెళ్ళి, మేం ఖాళీ చేసిన లిఫ్టులోకి ఎక్కుతున్నారు. గంట మళ్ళీ మొదలైంది.