స్వల్ప బలప్రయోగం

నేను ఒక లాఠీని. జాతి వెదురు. అడవిలో ఉన్నన్నాళ్లూ గాలికి ఊగడం తప్ప ఇంకో పని ఎరగను. నరికారు, మంట మీద కాచి వంకర తీశారు, నూనె పట్టించారు, ఓ కొసకు ఇనుప పొన్ను తొడిగారు. అప్పట్నుంచీ నాకు చాకిరీయే. ఎన్ని చేతులు మారానో! ఒకాయన నాతో కుక్కల్ని అదిలించేవాడు, ఇంకొకాయన వీపు గోక్కునేవాడు. ఆ గోకుడు ఉద్యోగమే హాయిగా ఉండేది, ఎక్కువ కాలం దక్కలేదు.

నా ఆఖరి యజమాని హెడ్ కానిస్టేబుల్ వీరస్వామి. చెడ్డవాడు కాదు, బాగా అలిసిపోయిన మనిషి. రాత్రంతా బందోబస్తు చేసి, కన్ను మూయకుండానే పొద్దున యూరియా దుకాణం దగ్గరికి డ్యూటీకొచ్చాడు. అక్కడ రైతులు నిలబడీ నిలబడీ కాళ్లు పీకి, తమ బదులు చెప్పుల్ని వరసలో పెట్టి నీడన కూర్చున్నారు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే వాళ్ల వంతు అక్కడ. లారీ రాగానే తోపులాట, చెప్పులన్నీ చెల్లాచెదురు. కొంరయ్య అనే రైతు తన చెప్పుల కోసం వంగాడు. వీరస్వామి కంటికి రాయి ఏరుతున్నట్టు కనిపించాడు. అంతే, నేను లేచాను. చేతి ఎముక విరగడం నాకు తెలిసింది. తెలిస్తే ఏం లాభం, నన్ను అడిగే నాథుడెవడు?

కాగితం మీద మాత్రం కొంరయ్య లాఠీ లాక్కోబోయాడనీ, అందుకే ‘స్వల్ప బలప్రయోగం’ చేయాల్సి వచ్చిందనీ రాశారు. పోలీసుల మీద తిరగబడ్డాడని ఆయన మీదే కేసు. చెయ్యి విరిగిందీ ఆయనకే, ముద్దాయీ ఆయనే. భలే న్యాయం!

తర్వాత నన్ను పోలీసు శిక్షణ కాలేజీకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. పోలీసులు బలం వాడిన సంఘటనల్ని పోలీసులే పరిశీలించి, ఆ అవసరం ఉందా, వాడింది ఎక్కువైందా అని తేల్చడం నేర్పుతారట అక్కడ. నేర్పేది డీఎస్పీ అనసూయ. ఈ క్లాసు ఏం తేల్చిందో ఎస్పీ గారికి పోతుంది. దాన్ని బట్టే కొంరయ్య మీద కేసు ఉండటమా, పోవడమా. ఆయన మాట కూడా వినాలని అనసూయ పిలిపిస్తే, వచ్చి గోడవారగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఆ రోజు దుకాణం దగ్గర తీసిన వీడియో వేశారు. సగం దుమ్ము, సగం వీపులు. అయ్యాక నేర్చుకోవడానికొచ్చిన పోలీసులంతా తమలో పెద్దవాడైన సీఐ దామోదర్ వైపు తిరిగారు. పెద్ద హోదావాడు నోరు విప్పందే చిన్నవాళ్లు విప్పకూడదు, వీళ్ల ఆచారం అది.

“ఇందులో తేల్చడానికేముంది మేడం? స్వల్ప బలప్రయోగమే,” అన్నాడు దామోదర్.

“అంతే సార్,” “అంతే సార్,” అన్నాయి వెనక బెంచీలు. ఈ ‘అంతే సార్’ వినీ వినీ నాకు ప్రాణం విసిగిపోయింది.

“ఈసారి చిన్నవాళ్ల నుంచి మొదలెడదాం,” అంది అనసూయ. “రవళీ, నువ్వు చెప్పు.”

కొత్త ఎస్సై రవళి లేచింది. దామోదర్ వైపు ఓసారి చూసింది. “లాక్కోబోయినట్టు నాకు కనబడలేదు మేడం. చెయ్యి పైకెత్తాడు, అంతే.”

“ఎత్తింది లాక్కోడానికే కదమ్మా! ఇలా చూడు,” అంటూ దామోదర్ నన్ను అందుకుని పైకెత్తాడు.

గోడ దగ్గర కుర్చీ దబ్బున పడింది. కొంరయ్య నేల మీద ముడుచుకుపోయి, అతికించిన చేతిని తలకు అడ్డం పెట్టుకున్నాడు. “కొట్టకుండ్రి సారూ! చెప్పులకే ఒంగిన, నా చెప్పులకే!”

వీడియోలో కనిపించిన చెయ్యే అది. అదే ఎత్తు, అదే వంపు. వెనక బెంచీల్లో ఒక్కరూ ‘అంతే సార్’ అనలేదు. దామోదర్ చెయ్యి చెమట పట్టి నాకు జిగటగా తగిలింది. దించితే కొట్టబోతున్నాడని కొంరయ్య అనుకుంటాడు, దించకపోయినా అదే అనుకుంటాడు. ఇన్నేళ్ల సర్వీసులో పాపం ఆ సీఐకి నన్ను దించడం ఎవరూ నేర్పలేదు. చివరికి రవళే మెల్లగా నన్ను తీసుకుని, వీపు వెనక దాచుకుని బయటికి నడిచింది.

ఇప్పుడు స్టోరు గదిలో, పగిలిన హెల్మెట్ల పక్కన ఉన్నాను. కొంరయ్య మీద కేసు ఎత్తేశారని ఇక్కడికొచ్చే వాళ్లు అనుకుంటుంటే విన్నాను. సంతోషమే. కానీ నన్ను గది దాటించేటప్పటికి ఆయన చెయ్యి ఇంకా తల మీదే ఉంది. ఎప్పుడు దించాడో నాకు తెలియదు.