ఆరున్నరకే పక్క

సూర్యుడింకా కొండమీదే ఉంటాడు, క్లిఫర్డ్‌ని మాత్రం పక్కమీదికి చేర్చేస్తారు. నడుము విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైనప్పటినుంచీ కౌన్సిల్ తరఫున సంరక్షణ ఏజెన్సీ మనిషి ఆరున్నరకి వచ్చి చేసే పని అదే. ఊరి బ్యాండు సాధన మొదలయ్యేది ఏడున్నరకి. ఈ సాయంత్రం కూడా సాధనకి వెళ్ళకపోతే శనివారం పోటీలో అతని కార్నెట్ బాకా ఇంకొకడు ఊదుతాడు.

"ఎంపిక పూర్తిగా మీదే," అంది సంరక్షణ ఏర్పాట్లు చూసే కౌన్సిల్ ఆఫీసరు జెరాల్డిన్, టీ కలుపుకుంటూ. "ఈ మూడు ఏజెన్సీల్లో ఎవరైనా సరే."

"మూడూ ఆరున్నరకే పడుకోబెడతాయి కదమ్మా."

"ఒకటి ఆరుంపావుకి."

క్లిఫర్డ్ పళ్ళు నూరాడు. "నా సంరక్షణ డబ్బు నా చేతికిస్తే నచ్చినవాళ్ళని పెట్టుకోవచ్చని ఫోన్లో చెప్పింది మీరే. మా అక్కని పెట్టుకుంటా."

"నేను పొద్దున్నే చేపల కొట్లో పని మానేసి వచ్చా," అంది అక్క మావిస్.

జెరాల్డిన్ కప్పు కింద పెట్టింది. "అయ్యో. ఒకే ఇంట్లో ఉండే బంధువుకి జీతం ఇవ్వకూడదండీ."

"ఈ రాత్రికి ఏజెన్సీ మనిషిని వెనక్కి పంపేస్తా."

"సేవ నిరాకరించారని మొత్తం ఆపేస్తారు. వద్దనాలంటే మా మేనేజరు ఒప్పుకోవాలి. ఆయన ఆరున్నరకి ఇంటికెళ్ళిపోతాడు."

మావిస్ లేచింది. దిండు, కెటిల్ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. సెలవుల్లో కారుకి తగిలించుకుని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళే చక్రాల గది, క్యారవాన్, ఇంటిముందే ఉంది. "ఇకనుంచి నా ఇల్లిదే," అని అందులోకెక్కి తలుపేసుకుంది.

జెరాల్డిన్ కిటికీలోంచి చూసింది. "అదీ ఇదే చిరునామా."

క్లిఫర్డ్ గొంతు చించుకున్నాడు. "కెల్విన్! క్యారవాన్ మీ వాకిట్లోకి లాగు!"

ఎదురింటి కెల్విన్‌కి ఎందుకని అడిగే అలవాటు లేదు. కారు తెచ్చి తగిలించాడు, వెనకా ముందూ చూడకుండా లాగాడు. చక్రం అతని గేటు స్తంభం దిమ్మ మీదికెక్కి కూర్చుంది. క్యారవాన్ సగం కెల్విన్ వాకిట్లో, సగం ఇరుకు వీధిలో, క్లిఫర్డ్ గేటుకి అడ్డంగా. లోపల్నుంచి మావిస్ తిట్లు వినిపించాయి.

"ఇది ఎవరి చిరునామా అమ్మా ఇప్పుడు?" అన్నాడు క్లిఫర్డ్.

ఏజెన్సీ కారు ఐదు నిమిషాలు ముందే వచ్చి ఆగింది. దిగిన పిల్ల దారికోసం చూసి, క్యారవాన్ పక్కనుంచి దూరి లోపలికొచ్చింది. "ఏం తాతా, పైజమా వేసుకుందామా?"

క్లిఫర్డ్ జెరాల్డిన్ వైపు చూశాడు. ఆమె మేనేజరుకి ఫోన్ చేసింది.

"సార్, అక్కగారు వేరేచోట ఉంటున్నారు. అవును, కళ్ళారా చూస్తున్నా. సోమవారం నుంచి కాదు, ఈ రాత్రి నుంచే. మనిషిని పగలుండగా పడుకోబెట్టే ఎంపిక ఎవడు కనిపెట్టాడో వాడిని ముందు పడుకోబెట్టండి సార్."

అవతల ఫైళ్ళు సర్దుతున్న చప్పుడు. తర్వాత విసుగ్గా ఒక "సరే".

ఏజెన్సీ పిల్ల భుజాలెగరేసింది. "అయితే నేను ఇంటికెళ్ళిపోవచ్చా?"

"వెళ్ళు తల్లీ," అన్నాడు క్లిఫర్డ్, కార్నెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కుర్చీ తిప్పుతూ. గేటు దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్ల దూరిన సందులో కుర్చీ పట్టదు.

జెరాల్డిన్ కోటు విప్పి కంచె మీద పడేసింది. "ఇంకెక్కడికెళ్తావు, ఇటు రా పిల్లా. భుజం పెట్టు. మావిస్ గారూ, ముందు మీరు దిగండి, బరువు తగ్గుతుంది."

"బరువా?" అంటూ మావిస్ విసురుగా దిగింది.

మూడో తోపుకి చక్రం దిమ్మ దిగింది. క్యారవాన్ దడదడమంటూ కెల్విన్ వాకిట్లో పడింది. మావిస్ తమ్ముడి కుర్చీ వెనకాలకి పరుగెత్తింది.

"నెమ్మదిగా అక్కా."

"నోరు మూసుకుని పెట్టె పట్టుకో," అంటూ బ్యాండు సాధన వైపు, ఎత్తు వీధిలోకి తోసింది.