స్విచ్ మీద చెయ్యి

నల్లమాడలో మోటారు కాలిన ఇంటికి జనం పలకరింపుకు పోతారు. నవ్వకండి, బోరు మోటారు కాలితే ఆ ఏడు పంట పోయినట్టే. అందుకే ఓల్టేజీ పడిపోయిందని అనుమానం రాగానే ఎవరి చెయ్యయినా ముందు స్విచ్ మీదికే పోతుంది. ఆ అలవాటే లక్ష్మీప్రసన్న కొంప ముంచింది.

శేషయ్య ఎరువుల అంగడి మిద్దె మీద గదిలో ఆమె పద్నాలుగు మంది ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్, అందులో లినక్స్. 2008 వేసవిలో కొత్త వెర్షన్ ఎక్కించినప్పటి నుంచి స్టార్ట్ చేస్తే చాలు, తెరంతా నలుపు. మొదట రావలసిన బొమ్మా లేదు, దాని కింద కదలాల్సిన గీతా లేదు. గదికి కాపలా ఉండే కొండప్ప నిమిషం చూసి, లో ఓల్టేజీ అని స్విచ్ ఆపేసేవాడు. మంచి పనే చేశాడని ఆమె కూడా అనుకునేది. వారం రోజులు ఇదే తంతు. విసిగిపోయిన శేషయ్య అది చచ్చిందని తేల్చేశాడు. సోమవారం విత్తన శనక్కాయల లారీ వస్తుంది, గది ఖాళీ చెయ్యమన్నాడు.

సోమవారం పొద్దున ఆమెకు మొండికోపం వచ్చింది. చచ్చిందో బతికిందో కళ్ళారా చూసి తేల్చుకోవాలి. స్టార్ట్ చేసి, మొదటి మెనూలోనే ఆపి, బొమ్మ చూపించమనే మాటను చెరిపేసింది. తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగాయి. డిస్క్ తనిఖీ, నూటికి పదకొండు. పన్నెండు. ఓరి దేవుడా, అది చీకట్లో తన పని తాను చేసుకుంటుంటే, రోజూ సగంలో గొంతు పిసికింది తామే!

తెర మినుకుమంది. కొండప్ప చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"చెయ్యి తీయి మామా. అది బతికే ఉండాది."

కొండప్ప ఆ చేతిని నమ్మలేక చంకలో దాచుకున్నాడు. నూరు నిండింది, కంప్యూటర్ తెరుచుకుంది.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ రేపు తను లేనప్పుడు ఇంకో చెయ్యి లేవదా? ఆ పాత మానిటర్ చూపించలేనంత పెద్ద కొలత బొమ్మకు సెట్టింగుల ఫైల్లో రాసి ఉండడం చూసి తగ్గించింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ నలుపే. ఎవరూ ముట్టలేదు కాబట్టి రెండు నిమిషాలకు తెరుచుకుంది. అప్పటికే కింద లారీ వచ్చింది. మెట్లెక్కి వచ్చిన శేషయ్య, పని చేసేదానికి బొమ్మెందుకని, మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని ఎత్తిపొడిచాడు.

"సోకు కాదన్నా. నేను బతికే ఉండా, ఆపొద్దు అని అది చెప్పే మాట. అది కనపడకనే కదా వారం నుంచి దీన్ని చంపుతాండాం."

అన్నాక ఆమెకు తట్టింది. కంప్యూటర్ లేచేటప్పుడు చదివేది ఆ ఫైలును కాదు, పాత కొలతలతో ముందే తీసిపెట్టుకున్న నకలును. ఫైలు దిద్దితే చాలదు, ఆ నకలును కొత్తగా తయారు చెయ్యాలి. ఒక్క కమాండ్ కొట్టి రీస్టార్ట్ చేసింది.

నలుపు. శేషయ్య చెయ్యి అలవాటుగా స్విచ్ వైపు లేచింది. కొండప్ప దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు.

"ఆగు శెట్టీ. అది లేస్తాండాది."

బొమ్మ వచ్చింది. కింద గీత నిదానంగా కదలడం మొదలుపెట్టింది. బోరులో నీళ్ళు పడినప్పుడు వేసే కేక వేశాడు కొండప్ప. పాఠానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొట్టారు. లక్ష్మీప్రసన్నకు ఆనందంతో కళ్ళు నిండాయి, గీత రెండుగా కనిపించింది. అది చివరిదాకా చేరేవరకూ శేషయ్య కదల్లేదు. ఆ తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి లారీవాళ్ళను పిలిచాడు.

"బస్తాలు కిందనే దించండప్పా. పైన గది ఖాళీ లేదు."